బండి ఒక వైపునకు లాగుచున్నదా? ట్రాక్టరు, సరకు బండ్లలో దోషమును కనుగొను పద్ధతి

ట్రాక్టరు నడుపు రైతులు తరచుగా చెప్పు మాట ఒకటి కలదు: "స్టీరింగు కొంచెము వదులుగా పట్టుకొన్నచో బండి ఒక వైపునకే లాగుచున్నది." కూరగాయలు చేరవేయు చిన్న సరకు బండ్ల వారును ఇదే మాట చెప్పుదురు. కాని చాలమంది దీనిని లెక్కపెట్టరు. లాగిన వైపునకు ఎదురుగా స్టీరింగును కొంచెము త్రిప్పి పట్టి, నెలల తరబడి అట్లే నడుపుచుందురు. చేయి దానికి అలవాటుపడును. దోషము మాత్రము లోపల పెరుగుచునే యుండును.

సికింద్రాబాదులోని బోయినపల్లి కూరగాయల మార్కెట్టునకు మేడ్చల్, తూప్రాన్ వైపు గ్రామములనుండి 44వ నంబరు జాతీయ రహదారి మీదుగాను, శామీర్‌పేట వైపునుండి రాజీవ్ రహదారి మీదుగాను సరకు వచ్చును. రైతులు చీకటితోనే బయలుదేరుదురు. ప్రక్కనే లారీలు, బస్సులు వేగముగా పోవుచుండును. అట్టి చోట బండి ఒక జానెడు ప్రక్కకు జరిగినను ప్రమాదమే. పల్లెలలో కాలువ గట్ల దారులు ఇంకను ఇరుకు. 2018 జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ వద్ద కూలీలతో పోవుచున్న ట్రాక్టరు మూసీ కాలువలో పడి పదిమందికి పైగా మరణించిరి. అదే సంవత్సరము ఏప్రిల్‌లో నల్లగొండ జిల్లాలోను కూలీల ట్రాక్టరు కాలువలో పడినది. ఆ ప్రమాదముల కారణములను విచారించుట ఈ వ్యాసము పని కాదు. అయితే గట్టు మీది దారిలో జానెడు స్థలమునకు ఎంత విలువ కలదో ఆ రెండు సంఘటనలును తెలుపుచున్నవి. ట్రాలీలో మనుష్యులను ఎక్కించుట చట్టవిరుద్ధమన్న సంగతిని కూడ ఈ సందర్భమున గుర్తుంచుకొనవలెను.

బండి ఒక వైపునకు లాగుటకు కారణములు పదికి పైగా కలవు. వానిలో సగము రైతు తన కళ్ళముననే, గాలి గేజి, దారపు ఉండ, సుద్దముక్క, కొలత టేపు మాత్రమే సాధనములుగా కనుగొనవచ్చును. కావలసినది వరుస తప్పని పరీక్ష. వరుస తప్పినచో మంచి టైర్లు మార్చుట, మంచి బేరింగులు ఊడదీయుట జరుగును. డబ్బు పోవును, దోషము నిలిచియే యుండును.

మూల సూత్రము

ఎడ్ల బండి తోలినవారికి ఈ సూత్రము క్రొత్త కాదు. ఎడమ వైపు కట్టిన దాపట ఎద్దు వెనుకబడినచో బండి ఎడమకు తిరుగును. వలపట ఎద్దు వెనుకబడినచో కుడికి తిరుగును. ట్రాక్టరుకును ఇంతే. ఏ వైపు చక్రము ఎక్కువ బరువుగా దొర్లుచున్నదో, ఏ వైపు ఎక్కువ ఆగుచున్నదో, బండి ఆ వైపునకే మొగ్గును. గాలి తగ్గిన టైరు, వదలని బ్రేకు, బిగిసిన బేరింగు, ఒక వైపు లోతుగా దిగిన గొర్రు కర్రు, ఇవన్నియు చేయు పని ఒకటే: ఆ వైపును వెనుకకు పట్టుట.

ఈ సూత్రమునకు రెండు చోట్ల మినహాయింపు కలదు. ఒకటి బ్రేకు తొక్కినప్పుడు, రెండవది ట్రాలీ తగిలించినప్పుడు. వానిని గూర్చి వాని స్థానమున చెప్పెదము.

ముందు నాలుగు ప్రశ్నలు

స్పానరు చేత పట్టుకొనుటకు ముందు ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు వ్రాసికొనవలెను.

1. బండి ఎల్లప్పుడు లాగుచున్నదా, లేక బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే లాగుచున్నదా?
2. ట్రాలీ ఉన్నను లేకున్నను లాగుచున్నదా? సరకు ఉన్నను లేకున్నను లాగుచున్నదా?
3. రోడ్డు మీదనే లాగుచున్నదా, దున్నునప్పుడు మాత్రమే లాగుచున్నదా?
4. ఎప్పటినుండి మొదలైనది? దానికి ముందు ఏమి జరిగినది? పంక్చరు వేయించుట, టైరు మార్చుట, గుంతలో పడుట, దమ్ము చేయుట, చక్రముల మధ్య వెడల్పు మార్చుట, వీనిలో ఏదైనా జరిగినదా?

నాలుగవ ప్రశ్నకు జవాబు దొరికినచో సగము పని తీరినట్లే. దోషము సాధారణముగా చివర చేయి పెట్టిన చోటనే యుండును.

రోడ్డు వాలు

వాన నీరు నిలువకుండుటకు రోడ్డును నడుమ ఎత్తుగాను, అంచులకు వాలుగాను వేయుదురు. తారు రోడ్డునకు ఈ వాలు మీటరుకు సుమారు 2 సెంటీమీటర్లు. మట్టి రోడ్డునకు 3 నుండి 4 సెంటీమీటర్ల వరకు ఉండును. మన దేశమున బండ్లు ఎడమ ప్రక్కన నడుచును గనుక ప్రతి బండియు కొంచెము ఎడమకు జారుట సహజము. అది బండి దోషము కాదు.

దీనిని వేరుచేయుటకు పరీక్షను రోడ్డు మీద కాక, చదునైన గట్టి నేల మీద చేయవలెను. ఖాళీగా ఉన్న కళ్ళము గాని, మార్కెట్టు యార్డు గాని, మైదానము గాని చాలును. నేల మీద సుద్దతోనో ముగ్గుతోనో ఇరువది, ముప్పది మీటర్ల తిన్నని గీత గీయవలెను. ట్రాలీ విప్పి, ఎవరిని ఎక్కించుకొనక, తక్కువ గేరులో ఆ గీత వెంట నడుపవలెను. స్టీరింగును పూర్తిగా వదలరాదు; రెండు చేతులను దాని మీద తేలికగా ఉంచవలెను. ఒకసారి తూర్పునకు, ఒకసారి పడమరకు నడిపి చూడవలెను. తూర్పునకు పోవునప్పుడు ఎడమకు, పడమరకు పోవునప్పుడు కుడికి మొగ్గినచో అది నేల వాలు. రెండు దిక్కులందును ఎడమకే మొగ్గినచో దోషము బండిలోనే కలదు.

బరువు, ట్రాలీ

ట్రాలీ విప్పిన పిదప ట్రాక్టరు తిన్నగా పోయినచో దోషము ట్రాలీలో ఉన్నదని తేలినది. ఇచ్చట లాగుడు ఏ వైపునకో చూచి దోషము ఆ వైపే యనుకొనరాదు. ట్రాలీ ఎడమ చక్రము బరువుగా దొర్లినచో ట్రాలీ మూతి ఎడమకు తిరిగి, తగిలింపు వద్ద ట్రాక్టరు వెనుక భాగమును ఎడమకు నెట్టును. అప్పుడు ట్రాక్టరు మూతి కుడికి పోవును. ఇది మొదటి మినహాయింపు. కావున ట్రాలీ విషయమున రెండు వైపులను చూడవలెను.

ట్రాలీలో చూడవలసినవి: రెండు వైపుల టైర్లలో గాలి సమానముగా ఉన్నదా? చక్రములు చేతితో త్రిప్పినప్పుడు రెండును ఒకే తీరున తిరుగుచున్నవా? తగిలింపు పిన్ను, దాని రంధ్రము అరిగి వదులైనవా? తగిలింపు కడ్డీ వంగినదా? సరకు ఒక వైపునకు పేర్చినారా? బస్తాలు పేర్చునప్పుడు ఎడమ వరుస, కుడి వరుస లెక్కపెట్టి సమానముగా పేర్చవలెను. చిన్న సరకు బండ్లలో ఇది మరింత ముఖ్యము. టమాట పెట్టెలు ఒక వైపు హెచ్చుగా పేర్చినచో ఆ వైపు కమాను పట్టీలు అణగి, ఆ వైపు టైర్లు నలిగి, బండి ఆ వైపునకే పోవును.

గాలి, టైర్లు, నీరు

లాగుడునకు అన్నిటికంటె సాధారణమైన కారణము గాలి. గాలిని టైరు చల్లగా ఉన్నప్పుడు, అనగా ఉదయము బండి కదలించుటకు ముందు గేజితో చూడవలెను. కాలితో తన్ని చూచుట పరీక్ష కాదు. సాధారణ ట్రాక్టర్లలో ముందు టైర్లకు సుమారు 30 పౌండ్లు, వెనుక టైర్లకు పొలములో సుమారు 12 పౌండ్లు, బరువు లాగునప్పుడు అంతకంటె కొంత హెచ్చు అవసరమగును. మీ ట్రాక్టరుతో ఇచ్చిన పుస్తకములోని అంకెలే మీకు ప్రమాణము. అంకె ఎంత యన్నదానికంటె ఎడమ, కుడి సమానముగా ఉండుట ఇచ్చట ముఖ్యము.

పట్టు కొరకు వెనుక టైర్లలో నీరు నింపు రైతులు ఒక సంగతి గమనించవలెను. ఒక పెద్ద టైరులో నూరు కిలోలకు మించిన నీరు పట్టును. ఒక టైరుకు పంక్చరు వేయించినప్పుడు నీరు తీసివేసి, తిరిగి నింపక వదలివేయుట సాధారణముగా జరుగును. అప్పుడు ఒక వైపు బరువు, ఒక వైపు తేలిక యగును. వాల్వును పై భాగమునకు త్రిప్పి నిలిపి, నీరు వాల్వు మట్టమునకు వచ్చువరకు నింపినచో సుమారు ముప్పాతిక వంతు నిండినట్లు. రెండింటిని ఒకే మట్టమునకు నింపవలెను. లేదా రెండింటిని ఖాళీ చేయవలెను.

గాలి, నీరు సరిగా ఉన్నను లాగుడు పోనిచో ముందు టైర్లను ఎడమది కుడికి, కుడిది ఎడమకు మార్చి, అదే గీత వెంట నడుపవలెను. లాగుడు వైపు మారినచో దోషము టైరులో ఉన్నది. మారనిచో టైర్లు నిర్దోషులు. వానికై డబ్బు ఖర్చు చేయనక్కరలేదు. ఒకే దిశలో తిరుగవలెనని బాణపు గుర్తు వేసిన టైర్లను మాత్రము ఇట్లు మార్చరాదు. ట్రాక్టరు వెనుక టైర్ల గళ్ళకు దిశ కలదు గనుక వానిని మార్చు పని పెట్టుకొనవద్దు.

టైరు అరుగుదల కూడ సాక్ష్యము చెప్పును. రెండు అంచులు అరిగినచో గాలి తక్కువగా నడిపినారు. నడుమ అరిగినచో గాలి ఎక్కువ. ఒక్క అంచు మాత్రమే అరిగినచో చక్రము వాలినది లేదా కింగ్ పిన్ను అరిగినది. పై పొర రంపపు పండ్లవలె ఒక వైపు పదునుగా చేతికి తగిలినచో ముందు చక్రముల మూతులు సరిగా కూర్చబడలేదు.

బ్రేకులు

ట్రాక్టరునకు ఎడమ, కుడి వెనుక చక్రములకు వేరువేరు బ్రేకు పెడళ్ళు కలవు. పొలము చివర మలుపు తిరుగుటకు ఇది సౌకర్యము. రోడ్డు మీద ఇదియే ప్రాణాపాయము. రెండు పెడళ్ళను కలుపు కొక్కెము వేయక రోడ్డెక్కి, వేగములో ఒక్క పెడలు తొక్కినచో ట్రాక్టరు ఆ వైపునకు గిరుక్కున తిరుగును. వెనుక బరువుగల ట్రాలీ ఉండి, దానికి వేరుగా బ్రేకు లేనిచో అది ముందుకు త్రోసి ట్రాక్టరును బోల్తా కొట్టించును. కావున పొలము దాటి రోడ్డెక్కుటకు ముందు కొక్కెము వేయుట మడకకు కాడి కట్టినంత సహజమైన అలవాటు కావలెను.

కొక్కెము వేసినను రెండు బ్రేకులు సమానముగా పట్టనిచో ప్రమాదము తొలగదు. దీనిని పరీక్షించుటకు ఎండిన చదును మట్టి నేల మీద, ట్రాలీ లేకుండ, కొక్కెము వేసి, మనిషి వేగముగా నడచునంత వేగమునకు కొంచెము మించి నడిపి, క్లచ్చి, బ్రేకు ఒకేసారి తొక్కవలెను. దిగి నేల మీది ఈడ్పు చారలను కొలువవలెను. రెండు చారలు సమానముగా ఉన్నచో బ్రేకులు సమానము. ఒకటి పొడవు, ఒకటి పొట్టి అయినచో, పొడవు చార గల వైపు బ్రేకు ముందుగా పట్టుచున్నది.

ఇచ్చటనే రెండవ మినహాయింపు. బ్రేకు తొక్కినప్పుడు బండి కుడికి లాగినచో దోషము కుడి చక్రములోనే యుండవలెనని లేదు. కుడి బ్రేకు బాగుగా ఉండి, ఎడమ బ్రేకు పట్టకపోయినను బండి కుడికే లాగును. చాలమంది లాగిన వైపు బ్రేకును వదులు చేయుదురు. అప్పుడు లాగుడు పోవును. బండి తిన్నగా నడుచును. కాని రెండు బ్రేకులును బలహీనమగును. దోషము మరుగున పడినది, ప్రమాదము రెట్టింపైనది. కావున ముందు పట్టని బ్రేకు ఎందుకు పట్టుట లేదో చూడవలెను.

పట్టని బ్రేకునకు కారణములు సాధారణముగా మూడు. పెడలు ఆట రెండు వైపుల సమానముగా లేకపోవుట ఒకటి. దీనిని పుస్తకములో చెప్పిన కొలతకు సరిచేయవలెను. రెండవది, ఇరుసు సీలు పోయి నూనె కారి బ్రేకు పట్టీ తడియుట. చక్రము లోపలి వైపు నూనె మరకలు కనుపించును. మూడవది, వరి దమ్ము చేసినప్పుడు నీరు, బురద లోపలికి చేరుట. దమ్ము ముగించి రోడ్డెక్కుటకు ముందు ట్రాక్టరును మెల్లగా నడుపుచు బ్రేకును తేలికగా నాలుగైదు మార్లు తొక్కి ఆరబెట్టవలెను. నూనెలో మునిగి పనిచేయు బ్రేకులు గల ట్రాక్టర్లలో తడి దోషము రాదు; పెడలు ఆట మాత్రము చూడవలెను.

ఇక బ్రేకు తొక్కకున్నను ఎల్లప్పుడు ఒక వైపునకు లాగునప్పుడు, ఆ వైపు బ్రేకు వదలకుండ పట్టుకొని యున్నదేమో చూడవలెను. రెండు, మూడు కిలోమీటర్లు వీలైనంతవరకు బ్రేకు వేయక నడిపి నిలిపి, అరచేతి వెనుక భాగమును చక్రముల నడిమి భాగములకు దగ్గరగా తీసికొనిపోవలెను. తాకరాదు, కాలును. ఒక వైపు చల్లగాను, ఒక వైపు వేడిగాను ఉన్నచో వేడి వైపు బ్రేకుగాని బేరింగుగాని బిగిసినది.

ముందు యాక్సిలు, కొలతలు

బండిని చదును నేలపై నిలిపి, ఇంజను ఆపి, చేతి బ్రేకు వేసి, వెనుక చక్రములకు రాళ్ళు పెట్టి, ముందు భాగమును జాకీతో ఎత్తవలెను. ట్రాక్టరు ముందు యాక్సిలు నడుమ పిన్నుపై ఊగును గనుక రెండు ప్రక్కల చెక్క ఆప్పులు పెట్టవలెను. ఎత్తిన పిదప క్రింద గట్టి దిమ్మ ఉంచక లోపలికి చేయి పెట్టరాదు.

చక్రమును పైన, క్రింద పట్టి ఊపవలెను. ఆడినచో బేరింగు వదులు లేదా కింగ్ పిన్ను అరుగుదల. ఎడమ, కుడి పట్టి ఊపవలెను. ఆడినచో టై రాడ్డు చివరి గుండ్లు అరిగినవి. తరువాత చక్రమును త్రిప్పి విడిచి, రెండు వైపుల ఎంతసేపు తిరుగుచున్నవో పోల్చవలెను.

చక్రముల మూతుల కూర్పు చూచుటకు బండిని దించి, స్టీరింగును తిన్నగా పెట్టి, రెండు ముందు టైర్ల నడిమి గీతపై హబ్బు ఎత్తున ముందు వైపు సుద్ద గుర్తు పెట్టవలెను. ఆ రెండు గుర్తుల మధ్య దూరము కొలిచి, బండిని ముందుకు దొర్లించి, అవే గుర్తులు వెనుక వైపునకు అదే ఎత్తునకు వచ్చినప్పుడు మరల కొలువవలెను. సాధారణ ట్రాక్టర్లలో ముందు కొలత వెనుక కొలతకంటె కొలది మిల్లీమీటర్లు తక్కువగా ఉండవలెను. సరియైన అంకె పుస్తకములో ఉండును. సెంటీమీటరుకు మించిన తేడా కనిపించినచో అది వెంటనే సరిచేయవలసిన దోషము.

అంతర కృషికై చక్రముల వెడల్పు మార్చిన రైతులు ఇంకొక కొలత తీసికొనవలెను. ట్రాక్టరు నడిమి గీతనుండి ఎడమ చక్రమునకు, కుడి చక్రమునకు గల దూరములు సమానముగా ఉండవలెను. ముందు యాక్సిలును ఎడమన రెండు రంధ్రములు, కుడిన ఒక రంధ్రము జరిపి బిగించుట వలన వచ్చు లాగుడు ఏ మెకానికు పనితనముతోను పోదు.

సరకు బండ్లలో ముందు హబ్బు నడుమనుండి వెనుక హబ్బు నడుమకు దారముతో ఎడమ వైపు, కుడి వైపు కొలువవలెను. తేడా ఉన్నచో కమాను పట్టీల నడిమి బోల్టు విరిగి యాక్సిలు వెనుకకు జరిగినదని అనుమానింపవలెను. అధిక బరువుతో గుంతలలో నడిచిన బండ్లకు ఇట్లు జరుగును. ఈ బండిని వెనుకనుండి చూచినచో ప్రక్కవాటుగా నడుచుచున్నట్లు కనుపించును. ఇట్టి బండిని సరకుతో రోడ్డెక్కింపరాదు.

పొలములో మాత్రమే లాగునప్పుడు

రోడ్డు మీద తిన్నగా పోవు ట్రాక్టరు దున్నునప్పుడు లాగినచో ట్రాక్టరును విప్పవద్దు, పనిముట్టును చూడవలెను. గొర్రునకు ఒక వైపు కర్రు వంగినను, లోతుగా దిగినను ఆ వైపునకు లాగును. క్రింది రెండు లాగుడు చేతులను పట్టు గొలుసులు సమానముగా బిగించవలెను. కుడి చేతి మర త్రిప్పి పనిముట్టును నేలకు సమమట్టముగా చేయవలెను. రెక్క నాగలితో దున్నునప్పుడు కుడి చక్రములు చాలులో నడుచుటచే ట్రాక్టరు కుడికి వాలును. నాగలిని ఆ వాలులో ఉన్నప్పుడే సమము చేయవలెను. డిస్కు నాగలి వెనుకనున్న చాలు చక్రము నాగలి ప్రక్కకు జరుగకుండ పట్టి యుంచును. అది వదులైనచో నాగలి జరిగి ట్రాక్టరు మూతిని త్రిప్పును. దిగబడినప్పుడు వేసిన డిఫరెన్షియలు లాకును బయటపడిన వెంటనే తీయవలెను. అది ఉన్నంతసేపు ట్రాక్టరు మలుపు తిరుగక మొండికేయును.

ఒక ఉదాహరణ

ఒక రైతు ట్రాక్టరు కుడికి లాగుచున్నదనుకొందము. ముందు టైర్లు క్రొత్తవి వేయించుటకు సిద్ధపడినాడు. ప్రశ్నలు అడుగగా, బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే లాగునని, వరి దమ్ము తరువాత మొదలైనదని తేలినది. బ్రేకు వేయనప్పుడు బండి గీత వెంట తిన్నగా పోయినది. కావున టైర్లు, యాక్సిలు విడిచిపెట్టవచ్చును. ఈడ్పు చార కుడి వైపే కనిపించినది. అనగా ఎడమ బ్రేకు పట్టుట లేదు. ఎడమ చక్రము లోపల నూనె మరక కలదు. సీలు, బ్రేకు పట్టీ మార్చినచో పని తీరును. రెండు టైర్ల ఖరీదు మిగిలినది. అంతకంటె ముఖ్యముగా, ఒకే బ్రేకుతో ట్రాలీ లాగు ప్రమాదము తొలగినది.

మెకానికు వద్దకు పోవునప్పుడు

సీలు, బ్రేకు పట్టీ, కింగ్ పిన్ను, స్టీరింగు పెట్టె, హైడ్రాలిక్ స్టీరింగు మెకానికు పనులు. ముందు చక్రములు గాలిలో ఉండగా ఇంజను నడిపినప్పుడు స్టీరింగు తనంతట తాను ఒక వైపునకు తిరిగినచో హైడ్రాలిక్ వాల్వు దోషమని చెప్పవలెను. సికింద్రాబాదు రాణిగంజ్‌కు విడిభాగములకై వచ్చు రైతులు పాత భాగమును, ట్రాక్టరు మోడలు, చాసిస్ నంబరు వ్రాసిన కాగితమును వెంట తెచ్చుకొనవలెను. "బండి లాగుచున్నది" అని మాత్రము చెప్పక, చేసిన పరీక్షలను, కొలతలను వ్రాసి ఇచ్చినచో పని త్వరగాను, తక్కువ ఖర్చులోను జరుగును. ట్రాక్టరు నిర్వహణ క్రమముగా నేర్చుకొనగోరు యువకులకు అనంతపురము జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షా సంస్థ కలదు.

గ్రామాధికారులకు ఒక మాట. రైతు వేదిక ఆవరణలో గాని, పంచాయతీ స్థలములో గాని ఒక తిన్నని గీత గీయించి, ఒక గాలి గేజి, ఒక టేపు అందుబాటులో ఉంచినచో, పంట కోతలకు ముందు గ్రామములోని ప్రతి ట్రాక్టరును ఒక్క ఉదయములో పరీక్షింపవచ్చును. దీనికి పెద్ద ఖర్చు లేదు.

గుర్తుంచుకొనవలసిన వరుస

1. నేల వాలు కాదని రూఢి చేసికొనుట.
2. ట్రాలీ విప్పి, సరకు దించి చూచుట.
3. గాలి, నీరు రెండు వైపుల సమానము చేయుట.
4. ముందు టైర్లను అటుదిటు మార్చి చూచుట.
5. బ్రేకుల వేడి, ఈడ్పు చారలు చూచుట.
6. బేరింగులు, టై రాడ్డు, కొలతలు చూచుట.
7. ఒకసారికి ఒక్క మార్పే చేసి, ప్రతి మార్పు తరువాత అదే గీత వెంట నడుపుట.

రెండు మార్పులు ఒకేసారి చేసినచో ఏది పనిచేసినదో తెలియదు. బ్రేకు తొక్కినప్పుడు లాగు బండిని మాత్రము దోషము తీరువరకు రోడ్డెక్కింపరాదు. మిగిలిన దోషములకు ఒక రోజు వ్యవధి ఉండవచ్చును, దీనికి లేదు.